ఓడెక్కి నేటాలుకు పోయిన పూర్వీకుడి ఊరు కనుక్కోవడం ఎలా

తిరుమల దర్శనానికి వచ్చే దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్ తెలుగు కుటుంబాల వాళ్ల దగ్గర తరచుగా ఒక కాగితం నకలు ఉంటుంది. అందులో ఒక నంబరు, ఒక పేరు, తండ్రి పేరు, జిల్లా అన్న చోట 'నార్త్ ఆర్కాట్', ఊరు అన్న చోట ఎవరికీ అంతుపట్టని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఊరు వెతికిపెట్టమని తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్న స్నేహితుణ్ణి, దూరపు చుట్టాన్ని అడుగుతారు. అలా అడిగించుకున్నవాళ్లకూ, తమ జేజినాయన అన్నో తమ్ముడో కూలికి ఓడెక్కి పోయినాడని ఇంట్లో విని ఇటునుంచి వెతకాలనుకునేవాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదట దేశం, కాలం తేల్చుకోండి. ఇంట్లో చెప్పుకునే కథ ఈ రెండింటికీ పొసగకపోతే మిగతా వెతుకులాటంతా వృథా. ఒప్పంద కూలీలతో, అంటే ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని పోయినవాళ్లతో, మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవు డర్బన్ చేరింది. 1866లో ఆగిన ఆ వలస 1874లో మళ్లీ మొదలై 1911లో ముగిసింది. ఈ కాలంలో నేటాలుకు చేరిన మొత్తం 1,52,184 మందిలో ఎక్కువ మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. మారిషస్‌కు వలస 1834లోనే మొదలైంది. ఫిజీకి 1879 నుంచి కలకత్తా ఓడలు పోయినా, మద్రాసు ఓడలు పోయింది 1903 నుంచి 1916 దాకా మాత్రమే. కాబట్టి "మా తాత 1870లో చిత్తూరు నుంచి నేటాలుకు వచ్చాడు" అని ఎవరన్నా చెబితే ఆ సంవత్సరమన్నా తప్పు, దేశమన్నా తప్పు. "ధాత కరువులో పోయినాడు" అని ఇక్కడి పెద్దవాళ్లు అంటే అది 1876–78 నాటి పెద్ద కరువు. నేటాలు ఓడలు మళ్లీ నడుస్తున్న కాలం అది. అలాంటి మాటకు విలువ ఇవ్వాలి.

బర్మా, మలయా, సిలోన్ పోయినవాళ్లు చాలావరకు కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రీల వెంట, కంగాణీల వెంట పోయినవాళ్లు. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు, ఒక్కో పత్రం రాసిన పద్ధతి అక్కడ లేదు. ఇక్కడ చెప్పే దారి వాళ్లకు పనిచేయదు.

నంబరు సంపాదించడం

పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. ఓడెక్కినవాళ్ల జాబితాల్లో మునుసామి అన్న పేరు వందల సార్లు కనిపిస్తుంది. ముని, గంగ, చెంగ, వెంకట అని మొదలయ్యే పేర్లు మన చిత్తూరు జిల్లాలో ఇంటికొకటి. నంబరు మాత్రం ఒక్కరిదే. నేటాలు చేరిన ప్రతి మనిషికీ, చంకలో బిడ్డకు కూడా, ఒకటితో మొదలుపెట్టి వరసగా నంబరు ఇచ్చారు. ఆ మనిషి పెళ్లి నమోదులో, పిల్లల పుట్టుక పత్రాల్లో, ఒప్పందం తీరినప్పటి పత్రంలో, చావు తరవాతి ఆస్తి దస్త్రంలో అదే నంబరు వస్తుంది. అందుకే విదేశంలో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన మొదటి పని ఇదే: ఓడ జాబితా జోలికి పోకముందే తమ తాత, ముత్తాత తరాల జనన, వివాహ, మరణ పత్రాలు తీయించుకోవాలి. కొత్త తరం నుంచి పాత తరానికి ఒక్కో మెట్టే పోవాలి. మెట్టు దాటేసి, పేరు కలిసిందని నేరుగా 1880ల జాబితాలోకి దూకితే పరాయివాళ్ల ముత్తాతను ఇంటికి తెచ్చుకున్నట్టే.

నేటాలు ఓడ జాబితాలు, వలసదారుల సంరక్షకుడి కార్యాలయపు ఫైళ్లు పీటర్‌మారిట్జ్‌బర్గ్, డర్బన్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. డర్బన్‌లో క్వాజూలు-నేటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ వంశ శోధనకు బాగా తోడ్పడుతుంది. మారిషస్ వాళ్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు పోవాలి. అక్కడి రికార్డుల్లో 1860ల నుంచి కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. ఫిజీకి సువాలోని జాతీయ ఆర్కైవ్స్. అక్కడ మనిషికొక వలస పత్రం విడిగా ఉంటుంది. దగ్గరి బంధువు పేరు రాసే గడి కూడా అందులో ఉంటుంది కాబట్టి ఊళ్లో అడగడానికి రెండో పేరు దొరుకుతుంది.

చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ మనకు దగ్గర కదా, ముందు అక్కడికే పోదామని చాలామందికి అనిపిస్తుంది. ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులు, వలస శాఖ నివేదికలు, నార్త్ ఆర్కాట్ జిల్లా దస్త్రాలు చూడటానికి అది గొప్ప చోటు. ఒక్కో కూలీ పేరు మాత్రం ఆ మనిషి చేరిన దేశంలోనే వెతకాలి. చెన్నైకి సప్తగిరి రైలెక్కడం తరవాత పెట్టుకోండి.

జాబితాలో ఒక్క వరస కాదు, పేజీ అంతా కావాలి

విదేశంలో ఉన్నవాళ్లు తమ పూర్వీకుడి వరస ఒక్కటే టైపు చేసి పంపుతారు. అది చాలదు. అసలు పేజీ ఫోటో, దానికి ముందు పేజీ, తరవాతి పేజీ తెప్పించండి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు అన్న గడులు ఉంటాయి. ఒకే ఊరివాళ్లు కలిసి బయలుదేరడం మామూలు కనుక పక్కపక్క నంబర్లలో అదే ఊరు మళ్లీ వస్తుంది. ఒక గుమాస్తా రాతలో మీ ఊరి పేరు చెడిపోయినా రెండు వరసల కింద అదే పేరు కొంచెం సరిగ్గా రాసి ఉండొచ్చు. భార్య, అన్నదమ్ములు, బావమరిది పేర్లు కూడా ఈ వరస నంబర్లలోనే దొరుకుతాయి. ఒకే తండ్రి పేరుతో వరసగా ఇద్దరు కనిపిస్తే వాళ్లు తోబుట్టువులు అయ్యే అవకాశం గట్టిది.

గడులన్నిటినీ ఒకే నమ్మకంతో చదవకూడదు. ఎత్తు కొలిచి రాసింది, గుర్తులు చూసి రాసినవి, వయసు అంచనా. ఇరవై నాలుగు అని ఉంటే పంతొమ్మిది నుంచి ముప్పై దాకా ఏదైనా కావచ్చు. కులం గడి మరీ జాగ్రత్తగా చూడాలి. కొన్నిచోట్ల కులం బదులు 'జెంటూ' అని రాశారు, అంటే తెలుగువాడు అని మాత్రమే. ఓడ దిగాక పెట్టుకున్న నాయుడు, రెడ్డి, చెట్టి, పిళ్లై లాంటి బిరుదు ఓడ జాబితాలోని కులంతో కలవకపోవడం సాధారణం. కలవలేదని రికార్డును తోసిపుచ్చకండి, కలిసిందని ఖాయమూ చేసుకోకండి. ఆ విషయం విదేశంలో ఉన్న కుటుంబానికి చెప్పేటప్పుడు మర్యాదగా, దాచకుండా చెప్పాలి. మద్రాసు డిపోలో ఓడ కోసం ఎదురుచూస్తూ జంటలుగా నమోదైనవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి భార్య ఊరు భర్త ఊరికి వంద మైళ్ల దూరంలో ఉంటే గుమాస్తా పొరపాటని వెంటనే తీర్మానించకూడదు. ఆమెది వేరే కుటుంబం, వేరే వెతుకులాట.

ఆనాటి జిల్లా ఈనాటి జిల్లా కాదు

ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. నేటాలు వలస ఆగిపోయింది కూడా ఆ ఏడే. అందువల్ల నేటాలు జాబితాల్లో జిల్లా గడిలో 'చిత్తూరు' కోసం వెతకడం దండగ. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీన్‌దారీలు అప్పుడు నార్త్ ఆర్కాట్‌లో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. మీవాళ్లది మదనపల్లె పక్క ఊరైతే 'కడప' అని వెతకాలి.

నార్త్ ఆర్కాట్ అని ఉన్నంత మాత్రాన మనవైపు ఊరు అనుకోవడమూ తొందరపాటే. వేలూరు, గుడియాత్తం, వాలాజా, ఆర్కాట్, పోలూరు, వందవాసి, ఆరణి అదే జిల్లా, ఇప్పుడు తమిళనాడు. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలకూ కొదవ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లన్నది జిల్లాకు ఇటువైపు వాళ్లని తేల్చదు. తాలూకా గడి చూశాకే తేలుతుంది.

సరిహద్దు 1960 ఏప్రిల్ 1న మళ్లీ మారింది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగవు మీద ఇచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి పోయాయి, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు వైపు గ్రామాలు మనకు వచ్చాయి. సత్యవేడు చుట్టుపక్కల ఊరైతే ఓడ జాబితాలో 'చెంగల్పట్టు' అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట లాంటి పాత నెల్లూరు తాలూకాలు అందులో కలిశాయి. ఈ రోజు తిరుపతి జిల్లా పటం ముందేసుకుని కూర్చుంటే అందులో నార్త్ ఆర్కాట్, నెల్లూరు, చెంగల్పట్టు మూడింటి ముక్కలూ ఉన్నాయన్న మాట.

పని ఇలా చేయండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, 1900 నాటి జిల్లా, తాలూకా, 1961 నాటి తాలూకా, ఇప్పటి మండలం వరసగా నింపండి. మధ్య మెట్టుకు జనాభా లెక్కల శాఖ వేసిన పాత జిల్లా హ్యాండ్‌బుక్ చాలా మంచి సాధనం. తాలూకాల వారీగా రెవెన్యూ గ్రామాల జాబితా అందులో ఉంటుంది. 1985లో వచ్చిన మండలాల విభజనకు ముందటి రూపం అది కాబట్టి పాత తాలూకాలకు దగ్గరగా ఉంటుంది. 1961 దానిలో తిరుత్తణి ఉండదు, ఆ ఊళ్లకు 1951 నాటిది చూడాలి.

చెడిపోయిన ఊరి పేరు

మన రైతుకూలీ నోటితో చెప్పింది మద్రాసులో ఒక గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు. డర్బన్‌లో మరొకరు దాన్ని ఎత్తి రాశారు. మన కాలంలో ఇంకొకరు కంప్యూటర్లోకి ఎక్కించారు. ప్రతి మెట్టులోనూ ఒక అక్షరం పోయి ఉండొచ్చు. అందుకే పేరును చూసి వెతకకుండా పైకి చదివి వినండి. గ-క, ద-త, బ-ప, ల-ళ-ర ఒకదాని చోట ఒకటి పెట్టి పలకండి. చివరి ముక్క విడదీయండి: పల్లె, పేట, పాళెం, పురం, మిట్ట, కుప్పం, కండ్రిగ, పట్టెడ. చేతిరాతలో ఇంగ్లీషు యు, ఎన్ ఒకేలా ఉంటాయి, ఎల్, టి కూడా. మొదటి అక్షరం పెద్దదిగా వంకరగా రాసి ఉంటే ఎస్, ఎల్, టి మూడూ ప్రయత్నించండి. కండ్రిగ అని తేలితే కాళహస్తి, పుత్తూరు, సత్యవేడు వైపు ముందు చూడటం మంచిది. ఆ పేరున్న ఊళ్లు అటువైపే ఎక్కువ.

కొత్తపల్లె, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లకు తాలూకా లేకుండా వెతకడం మానేయండి. ఊరు గడిలో వేలూరు, ఆర్కాట్, తిరుపతి అని పట్టణం పేరు ఉంటే కొంచెం అనుమానించండి. అడిగినవాడికి తెలిసే పెద్ద ఊరు పేరు చెప్పేయడం మన అలవాటు, ఆనాడూ అంతే అయి ఉంటుంది. పేజీలో పక్క వరసలు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

ఇంకొక చిక్కు. జాబితాలో ఉన్నది మజరా గ్రామం, అంటే ఒక రెవెన్యూ గ్రామం కింద ఉండే చిన్న పల్లె, కావచ్చు, పల్లె వెలుపలి మాలపల్లో మాదిగపల్లో కావచ్చు. అలాంటి పేర్లు రెవెన్యూ గ్రామాల జాబితాలో ఉండవు. తాలూకా తెలిసి, ఊరు జాబితాలో లేకపోతే, ఆ మండలంలో పాత పోస్ట్‌మ్యాన్‌ను, వీఆర్వోను, విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి అడగండి. మజరా పేరు, అది ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో తేలాకే తహసీల్దారు కచేరీకి పోవాలి.

కచేరీ కాగితాలు

ముందే ఒక మాట: ఓడెక్కినవాళ్లలో చాలామంది సెంటు భూమి లేనివాళ్లు. భూమి రికార్డుల్లో పేరు లేకపోతే ఆ కుటుంబం ఆ ఊళ్లో లేదని కాదు. భూమి ఉన్నా పోయినవాడి పేరు కోసం వెతక్కండి. తండ్రి పేరు, ఇక్కడే మిగిలిన అన్నదమ్ముల పేర్లు వెతకండి.

రైత్వారీ ఊరైతే, అంటే జమీన్‌దారు లేకుండా రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టిన ఊరైతే, తహసీల్దారు కార్యాలయంలో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), మన రెవెన్యూ వాళ్లు డైగ్లాట్ అనేది, చూడాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీన్ ఊళ్లలో ఆ రిజిస్టరు అడిగితే లేదంటారు, నిజంగానే ఉండదు. అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత తయారైన ఎస్.ఎల్.ఆర్. (సెటిల్‌మెంట్ ల్యాండ్ రిజిస్టరు) అడగాలి. అది వలసకు చాలా ఏళ్ల తరవాతిది కాబట్టి అందులో కనిపించేది అన్న కొడుకో మనవడో. ఇనాం భూమి అయితే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు అన్నిటికంటే పాతది, వంశం వివరాలు కూడా కొన్నిసార్లు అందులో దొరుకుతాయి. ఏ రిజిస్టరు చూసినా ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, రాసుకోండి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం: 1300 ఫసలీ అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. ఈ మధ్య రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో పాత నంబరు కొట్టి ఏమీ రాలేదని నిరాశపడకుండా, పాత కొత్త నంబర్ల పట్టిక వీఆర్వో దగ్గర అడగండి.

కుటుంబం కలిపి చూపించే కాగితం కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయమే మేలు. దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1860ల నుంచి ఉంది. ఒకటో ఇండెక్సు పేర్ల వారీ, రెండోది ఆస్తి వారీ. భాగపరిష్కార దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, కొన్నిటిలో తాత పేరు ఒకే చోట ఉంటాయి. సంవత్సరాల పరిధి, ఊరు, పేరు స్పష్టంగా రాసి సెర్చ్ దరఖాస్తు పెట్టండి. 'పాత రికార్డులన్నీ' అని రాస్తే ఎవరూ వెతకరు. ఆఫీసుల పరిధి మారింది కనుక ఆ ఊరు అప్పట్లో ఏ సబ్‌రిజిస్ట్రార్ కింద ఉందో ముందు అడగాలి.

గ్రామ జనన మరణ రిజిస్టర్లు 1899 మద్రాసు చట్టం తరవాత కొంత నమ్మకంగా ఉంటాయి. పోయినవాడి పుట్టుక అందులో దొరకదు, మిగిలిన తోబుట్టువుల చావు దొరకొచ్చు. గ్రామాధికారులైన రెడ్డి, కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు ఊళ్లలోని దఫ్తరాలు చేతులు మారాయి. చాలా ఊళ్లలో పాత కరణం వంశస్థుల ఇంట్లో ఇంకా కొన్ని లెక్కలు ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు.

ఊళ్లో అడగడం

వచ్చిన పని చెప్పేటప్పుడు మొదటి వాక్యమే "భూమి కోసం, వాటా కోసం రాలేదు" అని ఉండాలి. నూరేళ్ల కింద పోయినవాడి మనుషులు వచ్చారంటే ఏ ఇంట్లోనైనా ముందు పుట్టేది ఆస్తి భయమే. ఆ భయం తీరకుండా నిజం బయటికి రాదు. అది వాళ్ల తప్పు కాదు.

జాబితాలోని పేర్లు మీరు ముందే చెప్పకండి. "మీ ఇంటివాళ్లలో ఓడెక్కి పోయినోళ్లు ఉన్నారా పెద్దాయనా? ఎవరు? మీ జేజినాయన పేరేంది, ఆయనకు అన్నదమ్ములు ఎందరు?" అని వాళ్లతోనే చెప్పించండి. "మీ తాత పేరు చెంగయ్యేనా?" అని అడిగితే దూరం నుంచి వచ్చినవాళ్లను నొప్పించడం ఇష్టంలేక అవునంటారు. ఆ ఒక్క 'అవును' మీద రెండు కుటుంబాలు చుట్టరికం కట్టుకుని, తరవాత కాదని తేలితే కలిగే బాధ చాలా పెద్దది. విడివిడిగా ఇద్దరు ముగ్గురిని అడిగి సరిచూడండి. అత్తగారి ఊళ్లకు పోయిన ఆడబిడ్డలు, ముసలి మేనత్తలు ఇంటి పేర్ల వరస మగవాళ్ల కంటే బాగా చెబుతారు. సంక్రాంతికి, మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారో అడగడం మంచి పద్ధతి.

రెడ్డి, కాపు కుటుంబాలకు వంశం చెప్పే పిచ్చిగుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజులు అంటున్నారు, మాదిగ కుటుంబాలకు డక్కలివాళ్లు గోత్రాలు, ఇంటిపేర్లు నోటికి చెప్పగలిగిన సంప్రదాయం మనది. ఇంకా తిరుగుతున్నవాళ్లు తక్కువే అయినా, ఆ ఊరికి వచ్చే కుటుంబం ఎవరిదో కనుక్కుని కలవండి. వాళ్లకు ఇవ్వాల్సిన సంభావన ఇవ్వండి.

విదేశం నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఇంటిపేరు, గోత్రం, ఇంటి దేవర, మొక్కుబడి, ఇంట్లో తినకూడనిది ఏమిటన్న వివరాలు ముందే రాయించుకోండి. వాళ్ల పాస్‌పోర్టు మీది చివరి పేరు తాత పేరో బిరుదో అయి ఉంటుంది, ఇంటిపేరు కాదు. పెళ్లిళ్ల కోసం అసలు ఇంటిపేరును కొందరు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు, అది దొరికితే సగం పని అయినట్టే. గంగమ్మను కొలుస్తాం అన్నది మాత్రం ఆధారంగా తీసుకోకండి. చిత్తూరు సీమలో గంగమ్మ లేని ఊరు అరుదు.

ఖాయం అని ఎప్పుడు చెప్పాలి

నంబరు ద్వారా వచ్చిన ఊరు, తాలూకా కలవాలి. తండ్రి పేరు ఊళ్లో మీరు చెప్పకుండా రావాలి. వీటికి తోడు ఇంటిపేరో, తోబుట్టువు పేరో, ఒక దస్తావేజో విడిగా ఇంకొకటి కలవాలి. ఈ మూడూ కుదిరితే చుట్టరికం అని చెప్పొచ్చు. రెండే ఉంటే 'అయ్యే అవకాశం ఉంది' అనే రాసివ్వండి.

డీఎన్‌ఏ పరీక్ష దీనికి తోడుగా పనికొస్తుంది, బదులుగా కాదు. ముత్తాత తండ్రి ఒకడే అయిన దాయాదుల్లో (ఇంగ్లీషులో థర్డ్ కజిన్స్) సుమారు పదిమందిలో తొమ్మిదిమందికి కలయిక కనిపిస్తుంది, ఇంకో తరం దూరమయ్యేసరికి అది సగానికి పడిపోతుంది. మేనరికాలు ఎక్కువ ఉన్న కుటుంబాల్లో చుట్టరికం ఉన్నదానికంటే దగ్గరగా కనబడుతుంది. చేయించాలంటే ఊళ్లో ఉన్నవాళ్లలో అందరికంటే పెద్ద తరం మనిషిని అడగాలి. ఆ ఫలితం ఎవరెవరికి కనిపిస్తుందో తెలుగులో విడమరిచి చెప్పి, ఒప్పుకుంటేనే చేయించాలి.

ఊరు ఖాయమై కుటుంబం తేలకపోవడం చాలాసార్లు జరిగేదే. కరువులో ఇల్లంతా చెదిరిపోయి ఉండొచ్చు, మిగిలినవాళ్లు వేరే ఊరికి పోయి ఉండొచ్చు. అప్పుడు ఓడ జాబితా పేజీ నకలు, నాలుగు గడుల కాగితం, ఎవరిని ఎప్పుడు అడిగితే ఏం చెప్పారో తేదీలతో రాసిన పుట, ఫోన్ నంబరు కలిపి ఒక ప్రతి గ్రామ సచివాలయంలోనో బడిలోనో ఇచ్చి రండి. అదే ఓడ పేజీలో పక్క నంబర్ల వారసులు డర్బన్‌లో ఎవరున్నారో విదేశంలో ఉన్నవాళ్లను వెతకమనండి. ఆ కుటుంబం దగ్గర మీకు లేని ఇంటిపేరు ఉండొచ్చు.